పాత లోగిలిని విప్పి మరోచోట నిలబెట్టొచ్చు.. నికాహ్, వలీమాలకు ఇవ్వొచ్చు! కానీ కలప లారీ ఎక్కేముందు ఈ లెక్కలు చూసుకోండి

సఖినేటిపల్లి: కోనసీమలో ఓ పాత మండువా లోగిలి అమ్మకానికి ఉందని తెలిస్తే అందరికంటే ముందు గుమ్మంలోకి వచ్చేది కలప వ్యాపారి. స్తంభాన్ని గోటితో గీకి టేకా కాదా చూస్తాడు. దూలం మీద వేళ్లతో కొట్టి చప్పుడు వింటాడు. ద్వారబంధం కొలుస్తాడు. మొత్తానికి ఒక రేటు చెప్తాడు. ఆ రేటులో ఇల్లు ఉండదు, ఘనపుటడుగులు ఉంటాయి. వారసుల్లో ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు కువైట్‌లో, ఒకరు నర్సాపురంలో ఉన్నారంటే బేరం ఇంకా తొందరగా తెగుతుంది. నెల తిరిగేసరికి అక్కడ పునాది రాళ్లు, పెంకు ముక్కలు మిగులుతాయి.

విచిత్రం ఏంటంటే, ఇదే రోజుల్లో పెళ్లిళ్లకు పాత ఇల్లు కావాలని వెతికేవాళ్లు పెరుగుతున్నారు. ఏసీ ఫంక్షన్ హాల్‌లో స్టేజీ వెనక థర్మాకోల్ స్తంభాలు పెట్టించి, వాటికి చెక్క రంగు వేయించి ఫొటోలు దిగుతున్నారు. అసలు స్తంభాలేమో టింబర్ డిపోలో కోత మిషన్ ముందు పడుకుని ఉంటాయి.

మరి ఆ ఇంటిని కలపగా అమ్మేయకుండా, జాగ్రత్తగా విప్పి, వరద రాని మెరక మీద మళ్లీ నిలబెట్టి, చిన్న షాదీఖానాగా నడపడం కుదురుతుందా? కుదురుతుంది. దక్షిణ భారతంలో ముప్పై ఏళ్లుగా ఈ పని చేసి చూపించినవాళ్లు ఉన్నారు. కాకపోతే ఇంటిలో ఏది కదులుతుంది, ఏది కదలదు అన్నది తెలియకుండా దిగితే డబ్బూ పోతుంది, ఇల్లూ పోతుంది.

చెన్నై దగ్గర ఒక ముస్లిం ఇల్లు

చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద దాదాపు 25 కిలోమీటర్లు దక్షిణంగా వెళ్తే ముట్టుకాడు వస్తుంది. అక్కడ సుమారు 10 ఎకరాల్లో 'దక్షిణచిత్ర' అనే మ్యూజియం ఉంది. డెబోరా త్యాగరాజన్ 1984లో మొదలుపెట్టిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ దీన్ని నడుపుతోంది. 1996 డిసెంబర్‌లో జనానికి తెరిచారు. ఇందులో గాజుపెట్టెలకంటే ఇళ్లే ముఖ్యం. తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర పల్లెల్లో కూల్చివేతకు సిద్ధంగా ఉన్న పాత ఇళ్లను కొని, ముక్క ముక్కగా విప్పి, లారీల్లో తెచ్చి, ఆయా ప్రాంతాల పనివాళ్లతోనే మళ్లీ కట్టించారు. తక్కువ ఖర్చులో స్థానిక సామగ్రితో కట్టడంలో పేరున్న ఆర్కిటెక్ట్ లారీ బేకర్ మొదటి నమూనా ఇచ్చారు. తర్వాత పనిని బెన్నీ కురియకోస్ నడిపించారు.

కేరళలోని పుత్తుపల్లి నుంచి తెచ్చిన సిరియన్ క్రైస్తవుల ఇల్లు 1850 నాటిది. చెట్టినాడు వర్తకుల ఇల్లుంది. నల్గొండ వైపు కొయ్యలగూడెం నుంచి ఇక్కత్ నేతకారుల ఇల్లుంది. మన పాఠకులకు ఆసక్తి కలిగించేది ఇంకోటుంది, కర్ణాటకలోని చిక్కమగళూరు నుంచి వచ్చిన ఒక ముస్లిం కుటుంబం ఇల్లు. పాత ఇల్లంటే దేవుడి గూడు ఉన్న ఇల్లే అన్న అలవాటు మనలో చాలామందికి ఉంది. నమాజు చదివిన వసారాలు, పర్దా కోసం వేరుగా కట్టిన గదులు కూడా దక్షిణాది చరిత్రేనని ఆ ఇల్లు నిలబడి చెప్తోంది.

ఇప్పుడు అసలు విషయం. దక్షిణచిత్ర టికెట్ల మీద మాత్రమే బతకడం లేదు. ఆవరణను సమావేశాలకు, ప్రదర్శనలకు, వేడుకలకు అద్దెకు ఇస్తారు. అతిథి గదులు, క్యాంటీన్, చేతిపనుల అంగళ్లు ఉన్నాయి. పాత ఇంటికి ఒక్క ఆదాయ మార్గం సరిపోదని వాళ్ల ఏర్పాటు చూస్తేనే తెలుస్తుంది.

మణిపాల్‌లో విజయనాథ్ షెణై అనే ఆయన ఇదే పనిని ఇంకో దారిలో చేశారు. ఆయన ఆస్తిపరుడేం కాదు, బ్యాంకు ఉద్యోగి. కూలిపోతున్న ఇళ్లు చూసి ఆగలేక ఒక్కోటీ తెప్పించి, హస్తశిల్ప హెరిటేజ్ విలేజ్ అనే ఊరినే తయారుచేశారు. అందులో బీదర్ జిల్లా హుమ్నాబాద్ నుంచి తెచ్చిన దక్కనీ నవాబు మహల్ కూడా ఉంది. కేరళలో వేంబనాడు సరస్సు ఒడ్డున కుమరకంలో ఉన్న కోకోనట్ లగూన్ రిసార్టును 1990ల మొదట్లో పాత కేరళ ఇళ్ల చెక్క కట్టడాలను విప్పి తెచ్చి కట్టారు. ఇది పూర్తిగా వ్యాపారం. అయినా దాని పుణ్యమా అని కొన్ని ఇళ్లు కోత మిషన్ నుంచి తప్పించుకున్నాయి.

రెండో దారి ఎలా ఉంటుందో కారైక్కుడి పాతసామాన్ల బజారులో కనిపిస్తుంది. చెట్టినాడు భవనాలు విప్పి స్తంభం ఒకరికి, తలుపు ఒకరికి, కిటికీ ఇంకొకరికి అమ్ముతారు. ఇల్లు పది నగరాల డ్రాయింగ్ రూముల్లోకి చెదిరిపోతుంది. హైదరాబాద్ పాతబస్తీలో ఎన్నో దేవిడీలు కూల్చి, అదే స్థలంలో ఫంక్షన్ హాళ్లు కట్టారన్నది వేరే చెప్పక్కర్లేదు.

జాకీలా, విప్పడమా?

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పాత ఇళ్లను మొత్తంగా ఎత్తి, ట్రైలర్ మీద పెట్టి, ఊరు దాటించి, పెళ్లి వేదికలుగా మార్చడం మామూలే. అక్కడి ఇల్లు ఓ చెక్కపెట్టె లాంటిది. గోడ కూడా చెక్కే. కింద ఉక్కు దూలాలు దూర్చి ఎత్తితే పెట్టె లేచినట్టు లేస్తుంది.

మన దగ్గరా జాకీలతో ఇళ్లు ఎత్తుతున్నారు. రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లమైపోతే హర్యానా వైపు నుంచి వచ్చే పనివాళ్లు వందల జాకీలు పెట్టి మూడు నాలుగు అడుగులు లేపడం తెలుగు రాష్ట్రాల్లో చాలామంది చూసే ఉంటారు. అయితే అది ఉన్నచోటే పైకి లేపడం. మండువా లోగిలి గోడలు ఇటుక, సున్నం, కొన్నిచోట్ల మట్టి. దాన్ని అలాగే ఎత్తి కాలువగట్టు రోడ్డు మీద పది కిలోమీటర్లు తీసుకెళ్లడం కలలో మాట. అందుకని ఇక్కడ ఒకటే దారి, విప్పి కట్టడం.

అదృష్టం ఏంటంటే ఈ ఇళ్లు విప్పడానికి వీలుగానే కట్టారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పండింది, చేతిలో డబ్బు ఆడింది, పెద్ద ఇళ్లు లేచాయి. మన్యం నుంచి టేకు దుంగలు గోదావరిలో తెప్పలుగా దిగేవి. సఖినేటిపల్లికి ఎదురుగా అవతలి ఒడ్డున ఉన్న నర్సాపురంలో 17వ శతాబ్దంలోనే ఓడలు కట్టేవారు. అంటే చెక్కకు చెక్క బిగించే విద్య ఈ రేవులకు కొత్త కాదు.

మండువా అంటే ఇంటి మధ్య ఆకాశానికి తెరిచి ఉన్న చోటు. నాలుగు వైపులా వసారాలు, వాటి వెనక గదులు. పైన పెంకుల కప్పు నాలుగు వైపుల నుంచి లోపలికి వాలి ఉంటుంది. కప్పు బరువులో ఎక్కువ భాగం మోసేది స్తంభాలు, దూలాలు. దూలం చివరను నాలుకలా చెక్కి, స్తంభం తలలోని బెజ్జంలో దూర్చి, అడ్డంగా చెక్క మేకు కొడతారు. ఆ మేకు తీస్తే కీలు విడిపోతుంది, చెక్క పగలదు. ఇనుప మేకులు, సిమెంటు పట్టీలతో తర్వాత ఎవరో రిపేరు చేసిన చోటే చెక్క చీలుతుంది.

కదిలేవేంటో ఇప్పుడు చెప్పొచ్చు. స్తంభాలు, దూలాలు, వాసాలు, ద్వారబంధాలు, తలుపులు, కిటికీలు, స్తంభం కింది రాళ్లు, మెట్ల రాళ్లు, పగలని పెంకులు. సున్నంతో కట్టిన గోడ ఇటుకలు కూడా చాలావరకు దక్కుతాయి, సున్నం గీకితే ఊడుతుంది. సిమెంటుతో కట్టినవైతే ఇటుకే విరుగుతుంది. కదలనివేమో పునాది, మట్టి గోడ, సున్నపు పూత, దాని మీద ముగ్గో రంగో. విశాఖ తీరపు మట్టి గోడల చుట్టిల్లు లాంటిదాన్ని ఇంకో ఊళ్లో చూపించాలంటే తెలిసిన చేతులతో కొత్తగా కట్టించుకోవాల్సిందే.

ఇంకొకటి కూడా కదలదు, అది ఆ ఊరు. 1964లో వెనిస్‌లో పురాతన కట్టడాల నిపుణులు రాసుకున్న ఒడంబడికలో కట్టడాన్ని దాని స్థలం నుంచి వేరు చేయకూడదని, కాపాడటానికి తప్పనిసరైతేనే కదిలించాలని ఉంది. నాగార్జునసాగర్ నీటిలో మునిగిపోతాయని నాగార్జునకొండ కట్టడాలను, శ్రీశైలం జలాశయం కోసం కూడవల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించడం ఇలాంటి తప్పనిసరి పనులే. కాబట్టి ఇల్లు ఉన్నచోటే బాగుచేసే వీలుంటే అదే మేలు, ఖర్చూ తక్కువ. లంకలో గోదావరి కోత ఇంటి గోడ దాకా వచ్చినప్పుడు, వారసులు స్థలం అమ్మేసినప్పుడు, రోడ్డు విస్తరణలో పోయేటప్పుడు మాత్రమే విప్పే మాట.

పని మొదలయ్యేది పలుగుతో కాదు, టేపుతో

చాలాచోట్ల దెబ్బతినేది ఇక్కడే. "మా మేస్త్రికి అన్నీ గుర్తుంటాయి" అని పెంకులు దించేస్తారు. రెండు వానాకాలాలు గడిచాక షెడ్డులో మూడు వందల చెక్కలు ఒకేలా కనిపిస్తాయి.

ముందు ఇంటిని కొలిచి బొమ్మలు గీయించాలి. పై నుంచి చూసినట్టు ఒకటి, నాలుగు వైపులా నాలుగు, ఇంటిని మధ్యకు కోసి చూసినట్టు రెండు. తర్వాత ఫొటోలు, ప్రతి కీలుకూ దగ్గరి నుంచి. ఆ తర్వాత ప్రతి చెక్కకూ నంబరు. సుద్దతో రాస్తే చెరిగిపోతుంది, పెయింటుతో రాస్తే మచ్చ పడుతుంది. చిన్న రేకు బిళ్ల మీద నంబరు గుద్ది, బయటికి కనపడని వైపు కొట్టాలి. నంబరు చూడగానే చోటు తెలియాలి. 'తూ-3-7' అంటే తూర్పు వసారా, మూడో వరస, ఏడో వాసం. అదే నంబరు బొమ్మ మీద కూడా ఉండాలి.

విప్పేది పై నుంచి కిందికి. పెంకులు, రీపర్లు, వాసాలు, దూలాలు, చివరికి స్తంభాలు. కట్టేటప్పుడు దీనికి తిరగేసి. విప్పిన వడ్రంగే కట్టేటప్పుడూ ఉండేలా ముందే మాట్లాడుకోవాలి, అడ్వాన్సులో కొంత దానికోసమే ఆపుకోవాలి. చెక్కలను నేల మీద కాకుండా ఇటుకల మీద, మధ్యలో గాలాడేలా పేర్చాలి. చెదలు పట్టకుండా బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టిస్తారు. పైపూతకు పాతవాళ్లు జీడిపిక్కల నూనె వాడేవారు. జీడిపప్పుకు పేరుపడ్డ మోరి ఇదే మండలంలో ఉంది కాబట్టి ఆ నూనె కోసం దూరం పోనక్కర్లేదు.

పుచ్చిన దూలం మొత్తం పారేయడం కూడా తొందరపాటే. గోడలో కూర్చున్న చివర మాత్రమే పుచ్చి ఉంటుంది చాలాసార్లు. ఆ మేరకు కోసి, అదే జాతి పాత చెక్కను అతికిస్తారు. కొత్త చెక్క ఎక్కడ వేశారో దాని కింది వైపు సంవత్సరం చెక్కించడం మంచి పద్ధతి. రేపు చూసేవాళ్లకు ఏది పాతదో ఏది కొత్తదో తెలుస్తుంది. సగం చెక్క మార్చేసి గేటు మీద "200 ఏళ్ల ప్యాలెస్" అని బోర్డు పెట్టడం కస్టమర్‌ని మోసం చేయడమే. ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ సంవత్సరం మళ్లీ నిలబెట్టారు అని రెండు లైన్లు రాస్తే జనం ఇంకా ఇష్టంగా చదువుతారు.

తలుపు మీద గజలక్ష్మి చెక్కి ఉంటే ఏం చేయాలని కొందరు అడుగుతుంటారు. కోనసీమలో పాత లోగిళ్లు ఎక్కువగా హిందూ కుటుంబాలవే కదా. ఉలితో గీకించడం మాత్రం వద్దు. ఆ ద్వారబంధాన్ని అలాగే తీసి, దాన్ని గౌరవంగా ఉంచే వాళ్లకో మ్యూజియానికో ఇచ్చి, ఆ చోట సాదా ద్వారబంధం పెట్టుకోవచ్చు. వేడుకలు అన్ని మతాలవాళ్లకూ ఇచ్చే ఆలోచన ఉంటే అది ఉన్నచోటే ఉండొచ్చు, నికాహ్ రోజున ఇంకో గుమ్మం వాడుకోవచ్చు. ఇంకో మాట, వందేళ్లు దాటిన చెక్కుడు పనులు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి. అలాంటి వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం. "దుబాయ్ పార్టీ ఉంది, మంచి రేటు ఇస్తారు" అనే మధ్యవర్తి మాట ఇక్కడే ఆపేయాలి.

సఖినేటిపల్లి నేల మీద నిలబెట్టాలంటే

వశిష్ఠ గోదావరి ఈ మండలంలోని అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. వరద, ఉప్పుగాలి, తుపాను మూడూ ఇక్కడి లెక్కలోవే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది, లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 1996 నవంబర్ 6 తుపాను కోనసీమ కొబ్బరినే పడగొట్టింది. కొత్త చోటు ఎంచుకునేటప్పుడు 1986లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, ఆ గుర్తు కంటే పైకి అరుగు లేపాలి. స్థలం అమ్మేవాడు చెప్పే మాట దీనికి పనికిరాదు.

పునాది కొత్తదే కాబట్టి దాన్ని ఇప్పటి ఇంజనీరుతోనే వేయించాలి. స్తంభాలను అరుగుకు, దూలాలను స్తంభాలకు, వాసాలను దూలాలకు గాలికి లేవకుండా పట్టీలతో కట్టాలి. పాత కప్పు తన బరువుతోనే కూర్చుంటుంది, తుపాను గాలి కింది నుంచి లేపితే ఆ బరువు చాలదు. పట్టీలు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. మామూలు ఇనుము ఉప్పుగాలికి కొన్నేళ్లలోనే తుప్పు పట్టి, పక్కన చెక్కను కూడా తినేస్తుంది. గోడకు సిమెంటు పూత వేస్తే తేమ లోపలే చిక్కుకుని ఉప్పు పూసి రాలుతుంది. గుల్ల సున్నమో గానుగ సున్నమో వేస్తే గోడ ఊపిరి పీలుస్తుంది. పని నెమ్మది, కూలి ఎక్కువ. అయినా ఇక్కడ పొదుపు చేయకూడదు.

మండువా తూము సంగతి అందరూ మర్చిపోతారు. నాలుగు కప్పుల వాన నీళ్లు ఒకేచోట పడతాయి. పాత ఇంట్లో ఆ నీళ్లు నేల కింది తూములోంచి పెరట్లోకి పోయేవి. ఆ వాలు కొలవకుండా విప్పేస్తే కొత్తచోట మొదటి వానకే వసారా మునుగుతుంది. ఇంకా కొందరు వాన పడకూడదని మండువా మీద ప్లాస్టిక్ షీటు వేయిస్తారు. వేడిగాలి పైకి పోయే దారి మూసుకుపోయి మే నెలలో అది పొయ్యి అవుతుంది. తర్వాత ఏసీలు. ఏసీల కోసం వసారాలకు గాజు తలుపులు. అంతటితో మండువా లోగిలి పోయి, ఇంకో ఫంక్షన్ హాల్ మిగులుతుంది.

నది పక్కన స్థలం చూస్తే సీఆర్‌జెడ్ నిబంధనలు వర్తిస్తాయి. సముద్రపు పోటు వచ్చే నదీ పాయలకు కూడా అవి ఉన్నాయి, తీరానికే కాదు. సాగుభూమి అయితే వ్యవసాయేతర వాడకానికి ఇప్పుడున్న నిబంధనలేంటో కనుక్కోవాలి. జనం గుమిగూడే భవనం కాబట్టి ప్లాన్ అనుమతి, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ కావాలి. ఇవన్నీ అడ్వాన్సు ఇచ్చేముందు తేల్చుకోవాల్సినవి.

ఎంతమంది పడతారు, ఎంత మిగులుతుంది

లెక్క కోసం ఒక మండువా 20 అడుగులు పొడవు, 16 అడుగులు వెడల్పు అనుకుందాం. చుట్టూ పది అడుగుల వసారా. వసారా చోటు మొత్తం 1,120 చదరపు అడుగులు. మనిషికి పది అడుగుల చొప్పున కుర్చీలు వేస్తే నూటపది మంది. మన దావత్‌కు ఐదు వందల మంది వస్తే? వాళ్లను లోపలికి తోయకూడదు. నికాహ్ లోపల, భోజనాలు బయట షామియానాలో. నిజానికి ఈ ఇల్లు నికాహ్‌కు చక్కగా కుదురుతుంది. ఖాజీ సాబ్, వకీళ్లు, సాక్షులు ముందు వసారాలో కూర్చుంటే ఆడవాళ్లు వెనక వసారాలో, పక్క గదుల్లో వింటూ ఉండొచ్చు. మధ్యలో మండువా ఉంది కనుక పర్దా కోసం వేరే గోడ అక్కర్లేదు. అటక మీదికి మాత్రం ఫొటోగ్రాఫర్‌ని కూడా ఎక్కనివ్వకూడదు.

వంట ఇంటికి దూరంగా, గాలి వాలుకు ఉండాలి. కట్టెల మీద బిర్యానీ డేగ్ ఎక్కించే మంట నుంచి ఒక్క నిప్పురవ్వ ఎండిన వాసాల మీద పడితే చాలు. బాత్‌రూములు, వుజూ కుళాయిలు, జనరేటర్ అన్నీ విడి కట్టడంలో పెట్టాలి. పాత గోడలోకి నీటి పైపు దూర్చితే తేమ, తేమ వెంట చెదలు. కరెంటు తీగలు గొట్టాల్లో పైపైనే నడపాలి, స్తంభాన్ని తొలచకూడదు. ఇల్లు ఏ ముఖంగా నిలబెట్టినా ఖిబ్లా ఇక్కడి నుంచి పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది కాబట్టి నమాజు గదిని ఆ విడి కట్టడంలో సరిగ్గా కుదుర్చుకోవచ్చు.

ఇక డబ్బు. ఇది ఊహాలెక్క మాత్రమే, ఎవరి ఇంటి ఖర్చూ కాదు. స్థలం ఉందనుకుని ఇల్లు, విప్పడం, కట్టడం, విడి కట్టడం కలిపి 60 లక్షలు అనుకుందాం. పది శాతం చొప్పున ఆ డబ్బు ఖరీదే ఏటా 6 లక్షలు. పెంకులు, నూనె, చెదల మందు 2 లక్షలు. వాచ్‌మన్, శుభ్రం చేసే మనిషి కలిపి నెలకు 20 వేల చొప్పున 2 లక్షల 40 వేలు. మొత్తం 10 లక్షల 40 వేలు. ఏడాదికి 40 రోజులు బుక్ అయితే రోజుకు 26 వేలు వస్తే గానీ ఖర్చుకు ఖర్చు సరిపోదు. 25 రోజులే అయితే 41,600. అసలు తీర్చడం ఇందులో లేదు. రంజాన్‌లో, ముహర్రంలో మన పెళ్లిళ్లు దాదాపు ఉండవు. ఆషాఢంలో, మూఢంలో హిందువుల పెళ్లిళ్లు ఉండవు. వానాకాలం సరేసరి. కాబట్టి పెళ్లిళ్ల మీదే ఆధారపడితే లెక్క తేలదు. సినిమా షూటింగులు, పెళ్లికి ముందు ఫొటోలు, అఖీఖా, చిన్న సమావేశాలు, వెనక గదుల్లో బస, ఇవన్నీ కలిస్తేనే. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా గుర్తుంచుకోవాలి.

చప్పుడు సంగతి కూడా చూడాలి. డీజే బాక్సుల అదురుకు పెంకులు జారతాయి. డీజే వద్దంటే కొన్ని బుకింగులు పోతాయి. ఏది కావాలో ముందే తేల్చుకుని రేటు కార్డు మీదే రాసేయడం నయం.

చెల్లెలి వాటా ఆ దూలంలో కూడా ఉంది

ముస్లిం కుటుంబం ఇల్లే అయితే ఇంకో లెక్క ముందుంది. అబ్బా పోయాక ఇల్లు అన్నదమ్ములదే అన్నట్టు కలప బేరం చేసేస్తుంటారు. "స్థలం పంచుకుంటాం, పాత చెక్కదేముంది" అంటారు. షరీఅత్ ప్రకారం పిల్లలున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, మిగిలినదాంట్లో కొడుక్కి రెండు వాటాలైతే కూతురికి ఒకటి. ఇంటి కలప, తలుపులు, రాళ్లు ఇంటిలో భాగమే. నేలకు అంటుకుని ఉన్నంతసేపు అది స్థిరాస్తి. విప్పి లారీలో వేశాక చరాస్తి. ఎన్ని చెక్కలు వెళ్లాయో, ఎంతకు వెళ్లాయో కాగితం లేకపోతే నర్సాపురంలో ఉన్న చెల్లెలు తన వాటా ఎంతో ఎవరినీ అడగలేదు.

ఇంతకుముందు చెప్పుకున్న నంబర్ల జాబితా ఇక్కడ రెండోసారి పనికొస్తుంది. కొలతలతో సహా చెక్కల పట్టిక, ఒక విలువ కట్టిన కాగితం, వారసులందరి సంతకాలు. కువైట్‌లో ఉన్నవాళ్లు అక్కడి భారత ఎంబసీ ద్వారా పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు. ఎవరైనా తమ వాటాను డబ్బుగా తీసుకోకుండా కొత్త వేదికలో భాగస్వామ్యంగా ఉంచుతామంటే దాన్ని నోటి మాటగా వదలకుండా పార్ట్‌నర్‌షిప్ డీడ్‌గా రాయించుకోవాలి. ఇల్లు దర్గాకో మసీదుకో వక్ఫ్ చేసిందని పాత కాగితాల్లో ఉందేమో కూడా చూడాలి. వక్ఫ్ ఆస్తిని కుటుంబం అమ్ముకోవడానికి చట్టం ఒప్పుకోదు, కొన్నవాళ్ల డబ్బూ ఇరుక్కుంటుంది.

కొలతలు, ఫొటోల పనికి ఫిబ్రవరి నుంచి మే దాకా సమయం బాగుంటుంది. పెంకులు దించేది ఎండల్లోనే, చెక్కలు షెడ్డుకు చేరేది జూన్ లోపే. జూలై వచ్చిందంటే గోదావరికి ఎర్రనీళ్లు దిగుతాయి, లంక దారులు మూసుకుపోతాయి, సఖినేటిపల్లి రేవులో పంటు కూడా ఆగిపోతుంది.